పక్షికి వేసిన మెతుకు పాపమవుతుందా?



పోయిన వారం వీడియోలో పంచ మహాయజ్ఞాల గురించి చెప్పుకున్నాం కదా. చివరగా భూత యజ్ఞం దగ్గర ఆగాం. మనం తినే ముందు మన చుట్టూ ఉన్న ప్రాణులకు ఒక ముద్ద తీసి పెట్టడమే భూత యజ్ఞం. కాకికి ముద్ద, ఆవుకు ఇంత గ్రాసం, చీమలకు వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు. మన ఇళ్లలో దీన్ని యజ్ఞం అని ఎవరూ అనరు, అదొక అలవాటు అంతే. మా అక్కన్నపేటలో నాయనమ్మ అన్నం వండగానే మొదటి ముద్ద గోడ మీద పెట్టి, కాకి వచ్చేదాకా అక్కడే నిలబడేది. అక్కన్నపేట అంటే రామాయంపేట దగ్గర రైల్వే స్టేషన్ ఉన్నది కాదు. సిద్దిపేట జిల్లాలో, హుస్నాబాద్ పక్కన ఉన్నది.

ఆ వీడియో చేసినప్పటి నుంచి నన్నొక ప్రశ్న వదలడం లేదు. ప్రాణికి తిండి పెట్టడం ఎప్పుడైనా, ఎక్కడైనా పుణ్యమేనా? పెట్టకుండా ఉండటమే ధర్మమయ్యే చోటు కూడా ఉంటుందా? వీడియోలో దీనికి సమయం చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

ఈ ప్రశ్న నాకు ఏ గ్రంథం చదువుతుంటేనో రాలేదు. కాలిఫోర్నియాలో ఒక అడవికి క్యాంపింగ్‌కు పోయినప్పుడు ఎదురైంది. అందుకని ముందు ఆ అడవి గురించి చెప్పాలి.

రెండు చార్మినార్ల ఎత్తు చెట్లు

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. పని మీద కొంతకాలం బే ఏరియాలో ఉన్నాను. అక్కడ మనవాళ్లకు లాంగ్ వీకెండ్ వచ్చిందంటే కొందరు లివర్‌మోర్ శివ విష్ణు ఆలయానికి పోతారు, కొందరు టెంట్లు కారులో వేసుకుని అడవికి పోతారు. రెండూ ఒకే వీకెండ్‌లో చేసేవాళ్లు కూడా ఉంటారు.

అక్కడి అడవుల్లో పేరున్న చెట్టు కోస్ట్ రెడ్‌వుడ్. పసిఫిక్ తీరం వెంబడి ఒరెగాన్ దక్షిణపు కొస నుంచి కాలిఫోర్నియా నడిమి దాకా, సన్నని పట్టీ లాంటి నేలలోనే ఇవి సహజంగా పెరుగుతాయి. ఎండాకాలం వాన పడకపోయినా సముద్రం మీది నుంచి వచ్చే పొగమంచు వీటిని తడుపుతుంది. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన చెట్టు వీటిలోదే. దాని పేరు హైపీరియన్, ఎత్తు 115 మీటర్ల పైనే. మన చార్మినార్ 56 మీటర్లు. రెండు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఆ చెట్టు కొస అందదు. రెండు వేల ఏళ్లు దాటిన చెట్లు కూడా ఆ అడవుల్లో ఉన్నాయి. అంటే శాతవాహనుల కాలంలో మొలిచిన చెట్టు కింద మనం టెంటు వేసుకుని పడుకోవచ్చు.

అంత పెద్ద చెట్టుకు వేరు ఎంత లోతుకు పోతుందనుకుంటున్నారు? రెండు నుంచి నాలుగు మీటర్లే. కానీ పక్కకు ముప్పై మీటర్ల దాకా పాకి, పక్క చెట్ల వేళ్లతో పెనవేసుకుంటుంది. ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయన్నమాట.

పంతొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి ఈ అడవులను విపరీతంగా నరికారు. ఇళ్లకు, రైలు పట్టాల కింది దిమ్మెలకు, దేనికి పడితే దానికి వాడారు. పాత అడవిలో ఇప్పుడు మిగిలింది సుమారు 5 శాతమే. శాంటా క్రూజ్ కొండల్లో మిగిలిన ముక్కను కాపాడుకోవాలని జనం పోరాడితే 1902లో బిగ్ బేసిన్ పార్కు వచ్చింది. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో అదే అన్నిటికన్నా పాతది. 2020 ఆగస్టులో పిడుగుల వల్ల అంటుకున్న మంటల్లో ఆ పార్కు దాదాపు మొత్తం కాలిపోయింది. అయినా చాలా రెడ్‌వుడ్‌లు కాలిన మాను మీదే మళ్లీ చిగుర్లు వేశాయి.

మేం పోయింది అదే కొండల్లో ఇంకో పార్కుకు. క్యాంపు అంటే ఒక చెక్క బల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనుప చట్రం, తిండి సామాను దాచడానికి మూతపడే పెట్టె, టెంటుకు కొంత జాగా. రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదు. మా గుంపులో పులిహోర, పెరుగన్నం, సకినాలు అన్నీ ఉన్నాయి. బల్ల మీద డబ్బా మూత తీశామో లేదో, నెత్తిన నల్ల కుచ్చుతో నీలం పిట్ట ఒకటి వచ్చి బల్ల కొస మీద వాలింది. దాని పేరు స్టెల్లర్స్ జే. మన కాకి కుటుంబంలోదే. కాకికున్న తెలివీ, కాకికున్న ధైర్యమూ రెండూ దానికి ఉన్నాయి.

మాతో పాటు ఒక మిత్రుడి అమ్మగారు వచ్చారు. కరీంనగర్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. ఆమె సంతోషంగా పులిహోర ముద్ద ఒకటి తీసి పిట్ట ముందు పెట్టబోయారు. కొడుకు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దమ్మా, ఇక్కడ పెట్టనియ్యరు. ఫైన్ ఏస్తరు."

ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఫైన్‌కు భయపడి పెట్టకపోవుడు వేరు, తప్పని పెట్టకపోవుడు వేరు. పిట్టకు మెతుకు ఏస్తె తప్పెట్లయితదో చెప్పు బిడ్డా. కాకికి పెట్టకుంట నేను ఏనాడు ముద్ద ముట్టలె."

కొడుకు నా వైపు చూశాడు. పక్కనే బోర్డు ఉంది. ఆ పార్కుల్లో 'క్రంబ్ క్లీన్' అని ఒక నియమం పెట్టారు. బల్ల మీద, నేల మీద ఒక్క మెతుకు కూడా మిగలకూడదని దాని అర్థం. ఎందుకో నేను చదివి ఆమెకు చెప్పాను. మీకు కూడా చెప్తాను.

కంటికి కనపడని పిట్ట

మార్బుల్డ్ మర్రెలెట్ అని ఒక సముద్రపు పిట్ట ఉంది. పిడికెడు కన్నా కొంచెం పెద్దది. బతుకంతా సముద్రంలోనే, చిన్న చేపలు పట్టుకుని తింటుంది. కానీ గుడ్డు పెట్టడానికి మాత్రం తీరం వదిలి కిలోమీటర్ల కొద్దీ లోపలికి, పాత అడవిలోకి వస్తుంది. గూడు కట్టదు. వందల ఏళ్ల చెట్టు మీద నాచు పట్టిన వెడల్పాటి కొమ్మ వెతుక్కుని, దాని మీద ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని ఒక రోజు ఒకరు పొదిగితే, ఇంకొకరు సముద్రానికి పోయి వస్తారు. నెల రోజులు పొదగాలి, పిల్ల పుట్టాక ఇంకో నెల చేపలు తెచ్చి పెట్టాలి. తెల్లవారుజామున చీకట్లో వస్తాయి, మాపటికి మసక వెలుతురులో వస్తాయి. ఆ తర్వాత పిల్ల ఒక రోజు కొమ్మ మీది నుంచి లేచి, ఎవరూ దారి చూపకుండానే సముద్రానికి పోతుంది.

ఎంత రహస్యంగా బతుకుతుందంటే, ఈ పిట్ట గుడ్డు ఎక్కడ పెడుతుందో చాలాకాలం దాకా అమెరికాలో ఎవరికీ తెలియదు. 1974లో బిగ్ బేసిన్ క్యాంపు దగ్గర కొమ్మలు కొట్టడానికి ఎత్తైన చెట్టెక్కిన ఒక పనివాడికి దాని పిల్ల కనపడింది. అప్పుడు తెలిసింది. 1992లో దాన్ని ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో చేర్చారు. శాంటా క్రూజ్ కొండల్లో ఇప్పుడు మిగిలినవి కొన్ని వందలే.

మన పులిహోరకూ దీనికీ సంబంధం ఏమిటి? నీలం జే, రేవెన్ అనే పెద్ద కాకి, ఈ రెండూ గుడ్లను, పిల్లలను తినే పక్షులు. మామూలు అడవిలో అవి తక్కువగా, దూరం దూరంగా ఉంటాయి. క్యాంపుల్లో తిండి దొరికితే అక్కడ గుమికూడుతాయి, పిల్లల్ని ఎక్కువ పెడతాయి, ఎండాకాలమంతా అక్కడే తిరుగుతాయి. మర్రెలెట్ గుడ్డు పెట్టేది కూడా ఆ కాలంలోనే, ఆ చెట్ల మీదనే. కింద మెతుకు కోసం వచ్చిన జే, పైన కొమ్మ మీద గుడ్డు చూస్తే వదలదు. ఏడాదికి ఒకటే గుడ్డు. అది పోతే ఆ జంటకు ఆ ఏడాది పోయినట్టే.

అమ్మగారు అంతా విన్నారు. ముద్ద డబ్బాలో పెట్టేశారు. కానీ ఊరుకోలేదు. "అయితే ఈ పిట్ట నోరు కొట్టి ఆ పిట్టను సాదుడన్నట్టు. ఈ పిట్ట చేసిన పాపమేంది?"

ఇది మామూలు ప్రశ్న కాదు. చదువుకున్న వాళ్లు కూడా ఈ ప్రశ్న దగ్గరికి రారు. బోర్డు చదివి "ఓకే" అనుకుని పోతారు. ఈ పోస్టులో నేను చేస్తున్నదల్లా ఆమెకు సరైన జవాబు వెతకడమే.

నీలం పిట్ట నోరు కొడుతున్నామా?

మొదట ఈ సంగతి చూద్దాం. నోరు కొట్టడం అంటే ఒకరికి రావలసింది రాకుండా చేయడం. అడవిలో జే తినడానికి గింజలున్నాయి, పురుగులున్నాయి, పండ్లున్నాయి. మన పులిహోర దానికి రావలసిన వాటా కాదు. మనం రాకముందు అది ఆకలితో కూర్చోలేదు. కాబట్టి మనం పెట్టకపోతే దాని నోరు కొట్టినట్టు కాదు, దాని బతుకు దాన్ని బతకనిచ్చినట్టు.

ఇంకో సంగతి. మనం ఏ పక్షమూ వహించడం లేదు అనుకుంటాం, ఒక మెతుకే కదా వేశాం అనుకుంటాం. కానీ మెతుకు వేయగానే పక్షం వహించినట్టే. అడవిలో ఆ రెండు పక్షుల మధ్య వేల ఏళ్లుగా ఒక లెక్క ఉంది. జే అప్పుడూ గుడ్లు తినేది, మర్రెలెట్ అప్పుడూ బతికేది. మన తిండి ఆ తక్కెడలో ఒక పక్కన పడింది. అంతకుముందే మన గొడ్డలి నూటికి తొంభై అయిదు వంతుల పాత అడవిని తీసేసింది. మనుషులుగా మనం ఆ సముద్రపు పిట్టకు బాకీ ఉన్నాం. బాకీ ఉన్నవాడు దానం చేసే ముందు బాకీ తీర్చాలని మన పెద్దలే చెప్తారు.

సాఫ్ట్‌వేర్‌లో మేం సైడ్ ఎఫెక్ట్ అంటాం. రాసిన కోడ్ అడిగిన పని సరిగ్గానే చేస్తుంది, కానీ చేస్తూ చేస్తూ ఇంకెక్కడో ఒక విలువను మార్చేస్తుంది. రాసినవాడికి తన స్క్రీన్ మీద అంతా బాగానే కనిపిస్తుంది. దెబ్బ తినేది వేరే ఊళ్లో, వేరే స్క్రీన్ ముందున్న మనిషి. మెతుకు సంగతి కూడా అంతే. బల్ల దగ్గర మనకు కనిపించేది సంతోషంగా తింటున్న నీలం పిట్ట. ఖాళీ అయిన కొమ్మ మనకు ఎప్పటికీ కనిపించదు, అది తలెత్తినా అందనంత ఎత్తులో ఉంది.

ఇంత లెక్క చూస్తే అది దయ ఎట్లవుతుంది?

ఇక్కడ ఒక మంచి అభ్యంతరం ఉంది. దయ అనేది గుండెలోంచి వస్తుంది. ప్రతి ముద్దకూ లెక్కలు వేసి, జీవశాస్త్రం చదివి పెడితే అది దయ ఎట్లవుతుంది? పైగా ఫలం గురించి ఆలోచించకుండా కర్మ చెయ్యమని గీత చెప్పింది కదా, మరి మెతుకు వేసి ఫలం దేవుడికి వదిలేస్తే తప్పేముంది?

ఈ రెండో మాట చాలామంది నోట వింటుంటాను. ఫలాన్ని ఆశించవద్దు అన్నప్పుడు అక్కడ వద్దన్నది నాకు రావలసిన ఫలం మీది ఆశ. నా పేరు, నా పుణ్యం, నా తృప్తి. అవతలివాడికి ఏమవుతుందో పట్టించుకోవద్దని అక్కడ లేదు. డాక్టరు ఫీజు మీద ఆశ లేకుండా వైద్యం చేస్తే నిష్కామం. ఏ మందు ఇస్తున్నాడో చూసుకోకుండా ఇస్తే అది నిష్కామం కాదు, నిర్లక్ష్యం.

అదే గీతలో 17వ అధ్యాయంలో దానాన్ని మూడు రకాలుగా చెప్పారు. ఇవ్వడం నా కర్తవ్యం అనుకుని, తిరిగి ఏమీ ఆశించకుండా, తగిన చోట, తగిన కాలంలో, తగిన పాత్రకు ఇచ్చేది సాత్త్విక దానం. చోటూ కాలమూ పాత్రా చూడకుండా ఇచ్చేది తామసం. పాత్ర అంటే సంప్రదాయంలో దానం తీసుకోవడానికి యోగ్యుడైన మనిషి అనే అర్థం చెప్తారు. నేను దాన్ని కొంచెం సాగదీసి అడవికి వాడుతున్నాను, ఆ స్వతంత్రం నాది. కానీ చూడండి, మెతుకు అదే, చెయ్యి అదే, మనసులో ప్రేమ కూడా అదే. మా నాయనమ్మ గోడ మీద అది యజ్ఞం. రెడ్‌వుడ్ చెట్టు కింద అది ఒక గుడ్డుకు మరణం. మారింది దేశం ఒక్కటే. దేశ కాలాలు చూడమన్నది మనసును బిగదీసుకోవడానికి కాదు. ప్రేమ సరైన చోట దిగాలని.

భాగవతంలో ఇద్దరి కథలు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒకరు రంతిదేవుడు. 48 రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉండి, చివరికి దొరికిన కొంచెం అన్నం కూడా వచ్చిన అతిథులకు వరుసగా పెట్టేశాడు, మిగిలిన నీళ్లు కూడా దాహంతో వచ్చినవాడికి ఇచ్చేశాడు. ఆ దానం గొప్పతనం ఎక్కడుంది? వచ్చినవాళ్లకు నిజంగా ఆకలి ఉంది, ఖర్చు పూర్తిగా ఇచ్చినవాడిదే. ఎదురు చూసిన తన ముద్దను ఆయన వదులుకున్నాడు.

ఇంకొకరు భరతుడు, తర్వాతి జన్మల్లో జడభరతుడైనవాడు. రాజ్యం వదిలి అడవిలో తపస్సు చేసుకుంటుంటే, సింహం గర్జనకు బెదిరి ఏరు దూకిన లేడి, పిల్లను నీళ్లలో ఈని చనిపోయింది. ఆయన ఆ పిల్లను కాపాడాడు. కాపాడటం తప్పని కథలో లేదు. కానీ ఆ లేడిపిల్ల తనంతట తాను మేయగలిగే రోజు వచ్చాక కూడా ఆయన దాన్ని మనసులోంచి వదలలేకపోయాడు. దాని అవసరం తీరింది, ఈయన అవసరం తీరలేదు. దాన్నే తలుచుకుంటూ పోయి లేడిగా పుట్టాడు. క్యాంపులో పిట్టకు ముద్ద పెట్టేటప్పుడు మనం ఈ ఇద్దరిలో ఎవరి దగ్గరగా ఉన్నాం? ఆకలి ఆ పిట్టదా? లేక పిట్ట మన చేతి దగ్గరికి రావాలని, పిల్లలు చప్పట్లు కొట్టాలని, ఒక ఫోటో రావాలని మన ఆకలా?

ప్రేమతోనే తొక్కేసిన చోటు

తిండి ఒక్కటే కాదు. పైన చెప్పిన హైపీరియన్ సంగతి చూడండి. 2006లో దాన్ని గుర్తించారు. ఎక్కడుందో చెప్పకుండా దాచాలని చూశారు, కానీ జనం ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకున్నారు. దానికి దారి లేదు. అయినా చూడాలన్న ఆశతో పోయారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, చెట్టు మీద ప్రేమతోనే పోయారు. అందరి అడుగులూ పడి చుట్టూ ఉన్న ఫెర్న్ మొక్కలు చచ్చిపోయి నేల గట్టిపడింది. చివరికి 2022లో అటు పోవడమే నిషేధించారు. పోతే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

నాకిది మన గర్భగుడి పద్ధతిని గుర్తు చేసింది. మూలవిరాట్టును తాకాలని అందరికీ ఉంటుంది, కానీ గడప దగ్గర ఆగి చేతులు జోడించడమే భక్తి అని చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఆ గడప అడవిలో కనిపించదు, మనమే గీసుకోవాలి.

శ్రీశైలం దారిలో

ఇదంతా అమెరికా ముచ్చట, మనకెందుకు అనుకోవద్దు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయేవాళ్లందరికీ తెలుసు, మన్ననూరు దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. 2,611 చదరపు కిలోమీటర్ల నల్లమల అడవి. రోడ్డు పక్కన వరసగా కోతులు కూర్చుని ఉంటాయి. కార్లు ఆగుతాయి. అరటిపండ్లు, బిస్కెట్లు, కవర్‌తో సహా చిప్స్. హనుమంతుడి అంశ అని దండం పెట్టి మరీ వేస్తారు. తిండి వేయవద్దని అటవీ శాఖ బోర్డులు పెట్టినా, ఆ బోర్డు కిందనే కారు ఆపి వేసేవాళ్లను చూశాను.

ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడటానికి మన కారు అక్కడ ఉండదు. కోతి అడవిలో చెట్టెక్కి వెతుక్కునే పని మానేసి రోడ్డు మీద కూర్చోవడం నేర్చుకుంటుంది. పిల్లను పొట్టకు కరిపించుకుని ఇటు నుంచి అటు దూకుతుంది. వెనకాల వచ్చే బండికి బ్రేకు పడకపోతే అంతే. అడవిలో పండు తిని గింజ దూరంగా పడేసేది కోతే. అది రోడ్డుకు అంటుకుపోతే అడవికి విత్తనం వేసేవాళ్లలో ఒకరు తగ్గినట్టే.

ఇంక మా అక్కన్నపేట వైపు రండి. ఇక్కడ రైతులను కోతుల గురించి అడిగి చూడండి. పల్లి వేసుడు మానేసినవాళ్లున్నారు, పెరట్లో బీరపాదు కూడా పెట్టనివాళ్లున్నారు, మక్క కంకి పాలు పట్టినప్పటి నుంచి చేను దగ్గర కాపలా పడుకునేవాళ్లున్నారు. 2015లో హరితహారం మొదలైనప్పుడు వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె అన్న నినాదం ఊరూరా పాకిందంటే, ఆ బాధ ఎంతుందో అర్థం చేసుకోవచ్చు. అడవిలో పండ్ల చెట్లు తగ్గిపోవడం దీనికి పెద్ద కారణం. ఒక్క అరటిపండు వల్లే ఇదంతా వచ్చిందని నేననను. కానీ మనిషి చేతిలో తిండి ఉంటుందని కోతికి నేర్పింది మనమే. ఆ పాఠం నేర్చుకున్న కోతికి భక్తుడి చేతికీ రైతు చేనుకూ తేడా తెలియదు.

నన్ను బాగా తొలిచేది ఇదే. పుణ్యం కారులో పోయినవాడి ఖాతాలో, ఖర్చు ఆ రైతు ఖాతాలో. అక్కడ మర్రెలెట్, ఇక్కడ మక్క రైతు. రంతిదేవుడు తన ముద్ద ఇచ్చాడు. మనం ఇంకొకరి ముద్ద ఇచ్చి దండం పెట్టుకుంటున్నాం.

మరి కాకికి ముద్ద పెట్టాలా వద్దా?

పెట్టండి. భూత యజ్ఞం మానేయమని ఈ పోస్టు రాయడం లేదు. ఊరి కాకి తరతరాలుగా మనిషితోనే బతికింది. మన గోడ మీద, మన అన్నంలోంచి, మనం రోజూ చూసుకునే చోట పెడతాం. తేడా వస్తే మనకే తెలుస్తుంది. ఎండాకాలం పక్షులకు గిన్నెలో నీళ్లు పెట్టి, రోజూ కడిగి మార్చితే అది కూడా మంచి పనే. ఆవుకు గ్రాసం, కుక్కకు ఇంత అన్నం, ఇవన్నీ మనతో కలిసి బతికే ప్రాణులకు మనం ఇవ్వాల్సిన వాటాలు.

అడవి ప్రాణి సంగతి వేరు. దాని ఇంటికి మనం పోయాం. అక్కడ పెట్టే ముందు నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. నేను రాకపోతే ఇది ఈ రోజు పస్తుండేదా? నేను పెట్టినదానికి వేరే ఎవరైనా మూల్యం చెల్లించాల్సి వస్తుందా? ఈ రెండింటికీ జవాబు తెలియనప్పుడు చేయి వెనక్కి తీసుకోవడమే నాకు ధర్మంగా తోస్తుంది. వెనక్కి తీసుకున్న ఆ ముద్ద కూడా దేవుడికి చేరుతుందనే నా నమ్మకం. ఉపవాసంలో తినకుండా మిగిలించినదాన్ని దేవుడికి సమర్పించుకుంటాం కదా, ఇది కూడా అలాంటిదే.

కష్టమైన ప్రశ్న ఒకటి ఉంది. గుళ్ల దగ్గర ఏళ్ల తరబడి మన తిండికే అలవాటు పడిపోయిన కోతుల సంగతేమిటి? రేపటి నుంచి అందరం ఒక్కసారి ఆపేస్తే వాటి గతి ఏమిటి? వాటికి మనం నిజంగానే బాకీ పడ్డాం. కానీ ఆ బాకీ దారిన పోతూ విసిరే పండుతో తీరదు. అడవిలో వాటి కోసం మేడి, నేరేడు, జామ లాంటి పండ్ల చెట్లు పెంచాలి. మన రాష్ట్రంలో మంకీ ఫుడ్ కోర్టుల పేరుతో ఆ ప్రయత్నం మొదలైంది కూడా. చెట్టు పెంచడానికి ఏళ్లు పడుతుంది, ఫోటో రాదు, కోతి మన చేతిలోంచి తీసుకోదు. అందుకే అది అసలైన దానమనిపిస్తుంది నాకు.

చైత్ర పౌర్ణమి రోజుల్లో సలేశ్వరం లింగమయ్య దగ్గరికి నడిచిపోయేవాళ్లు మన వీక్షకుల్లో చాలామంది ఉన్నారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి కాలినడకన పోయేవాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలో ఉండి ఈ ఎండాకాలం రెడ్‌వుడ్ పార్కులకు పోయేవాళ్లున్నారు. అందరికీ ఒకటే మనవి. తిండి మూత ఉన్న డబ్బాలో తీసుకుపోండి. తిన్న చోట కింద ఒకసారి చూడండి, పడ్డ మెతుకులు ఏరుకోండి, కవర్లు వెంట తెచ్చుకోండి. పిల్లలతో ఏరించండి, ఎందుకో కూడా చెప్పండి. మన ఇళ్లలో కింద పడ్డ మెతుకును కళ్లకద్దుకుని ఏరేవాళ్లం. ఆ అలవాటు అడవికి కూడా పనికొస్తుంది.

వచ్చే వీడియోలో మనుష్య యజ్ఞం, అంటే అతిథి సేవ గురించి మాట్లాడుకుందాం. అందాకా సెలవు.